యాభై దాటాక బేస్‌బాల్ క్యాంపు: క్రికెట్ ఆడినవాళ్లకు ఎనిమిది వారాల తయారీ

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు పెద్ద వయసులో బేస్‌బాల్ ఆడాలనుకుంటే ఫాంటసీ క్యాంపులున్నాయి, అంటే మామూలు అభిమానులు మాజీ ఆటగాళ్ల దగ్గర నేర్చుకుంటూ ఆడే శిబిరాలు. మాజీ క్యాచర్ (బ్యాటర్ వెనక ఉండి బంతి పట్టే ఆటగాడు) ర్యాండీ హండ్లీ 1983లో అరిజోనాలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మాజీ ఆటగాళ్లు కోచ్‌లుగా ఉంటారు. చాలా క్యాంపుల్లో రోజుకు రెండు ఆటలు పెడతారు. వారం మొత్తం ఆడాలంటే ముందు కాళ్లను కాపాడుకోవాలి.

ఎక్కువగా దెబ్బతినేది తొడ వెనక కండరం. బంతి కొట్టగానే, నిలబడ్డవాడు నిలబడ్డట్టే మొదటి బేస్ (పరుగులో తొక్కాల్సిన మొదటి గుర్తు) దాకా 90 అడుగులు పరుగెత్తాలి కదా! మొదటి రెండు వారాలు రోజూ అరగంట వేగంగా నడవండి. మూడో వారం నుంచి రోజు విడిచి రోజు, 60 అడుగుల దూరం సగం వేగంతో ఆరుసార్లు పరుగెత్తి, ప్రతిసారీ నడుస్తూ వెనక్కి రండి. ఆరో వారానికి 90 అడుగులకు పెంచండి. ఒళ్లు వేడెక్కకుండా వంగి కాలివేళ్లు పట్టుకోవద్దు. మోకాళ్లు పైకెత్తి నడవడం, కాలు ముందుకూ వెనక్కీ ఊపడం పది నిమిషాలు చేస్తే చాలు. గుండె జబ్బో బీపీనో ఉంటే వీటన్నిటికంటే ముందు డాక్టర్‌ను అడగండి.

విసరడం 30 అడుగులతో, 25 బంతులతో మొదలుపెట్టండి. రెండు వారాలకోసారి దూరం 45, 60, 90 అడుగులకు పెంచండి. మధ్యలో ఒకరోజు విశ్రాంతి తప్పనిసరి. కండరం బరువుగా అనిపిస్తే పరవాలేదు. మోచేతి లోపలి పక్కన గానీ భుజం ముందు గానీ పొడిచినట్టుంటే ఆపేసి, తగ్గాక ముందటి దూరం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. బేస్‌బాల్ క్రికెట్ బంతికన్నా పది పదిహేను గ్రాములు తేలికే. ఆ తేలికే మోసం చేసి ఎక్కువ విసిరేలా చేస్తుంది.

కుడిచేత్తో విసిరేవాళ్లు గ్లవ్ ఎడమ చేతికి వేసుకోవాలి. 12 అంగుళాలది నెల ముందే కొని రోజూ క్యాచ్‌లు పట్టండి. రాత్రి లోపల బంతి పెట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. కొబ్బరినూనె మాత్రం పట్టించకండి, తోలు బరువెక్కి సాగిపోతుంది.

క్రికెట్ బ్యాట్‌కు బంతిని కొట్టే చదునైన ముఖం ఉంది, గుండ్రటి బేస్‌బాల్ బ్యాట్‌కు లేదనుకుంటాం. కానీ చెక్క బ్యాట్ మీది కంపెనీ ముద్ర, బంతి తగిలే క్షణంలో ఆకాశం వైపో నేల వైపో ఉండాలి. ముద్ర మీదే బంతి తగిలితే బ్యాట్ చీలే ప్రమాదం ఎక్కువ. 32 అంగుళాలు, 29–30 ఔన్సుల బ్యాట్ ఈ వయసుకు హాయిగా తిరుగుతుంది.

కొట్టాక బ్యాట్ చేతిలో పట్టుకుని పరుగెత్తడం మనకు అలవాటు. ఇక్కడ కింద వదిలేయాలి, విసరకూడదు. మొదటి బేస్ ముందు అంచును తొక్కి నేరుగా దాటిపొండి, అక్కడ దాటినా అవుట్ కాదు. దాని మీదే ఆగబోతే మోకాలో చీలమండో మెలిపడుతుంది. రెండో, మూడో బేస్‌ల దగ్గర మాత్రం ఆగాల్సిందే. అందుకే అక్కడికి నాలుగు అంగల ముందు నుంచే వేగం తగ్గించండి.