ఒకే ఫోన్, రెండు హెడ్‌ఫోన్లు: ఇద్దరూ ఒకేసారి వినాలంటే ఎలా?

రెండు జతలూ బ్లూటూత్ లిస్టులో 'కనెక్టెడ్' అనే చూపిస్తున్నాయి, పాట మాత్రం ఒక్కరికే వినిపిస్తోందా? ఫోన్ ఏమీ పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో పాట ఒకసారికి ఒక జతకే వెళ్తుంది, రెండోది ఊరికే లైన్లో ఉంటుంది, అంతే. ఇద్దరికీ వినిపించాలంటే ఫోన్‌లోనే అందుకు విడిగా ఏర్పాటు ఉండాలి, కాబట్టి ముందు మీ చేతిలో ఉన్నది ఏ ఫోనో చూసుకోండి. అన్నట్టు, హెడ్‌ఫోన్ డబ్బా మీద 'మల్టీపాయింట్' అని కనిపిస్తే సంబరపడొద్దు. అది దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం, ఒకే హెడ్‌ఫోన్‌ని రెండు ఫోన్లకు కలపడం.

శాంసంగ్ గెలాక్సీ అయితే

2017లో వచ్చిన ఎస్8 నుంచే వీటిలో డ్యూయల్ ఆడియో ఉంది. నన్నడిగితే అన్నిట్లోకీ తేలిక ఇదే, ఎందుకంటే హెడ్‌ఫోన్లు ఏ కంపెనీవైనా పర్లేదు.

1. రెండు జతల్నీ ఒకదాని తర్వాత ఒకటి పెయిర్ చేసి, రెండూ కనెక్ట్ అయి ఉన్నాయో లేదో చూసుకోండి.
2. పాటో సినిమానో మొదలుపెట్టి, స్క్రీన్ పైనుంచి ప్యానెల్ కిందికి లాగండి.
3. అక్కడ మీడియా అవుట్‌పుట్ నొక్కితే రెండు పేర్లూ వస్తాయి. రెండింటికీ టిక్ పెట్టండి. ఎవరి సౌండ్ వాళ్లకు విడిగా అక్కడే తగ్గించుకోవచ్చు.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. రెండు వేర్వేరు మోడళ్లు వాడితే ఒకదానికి శబ్దం రవ్వంత ముందు, ఇంకోదానికి రవ్వంత వెనక చేరొచ్చు. పాటలకైతే తెలియదుగానీ కామెడీ సినిమా చూస్తుంటే పక్కవాళ్లు మీకంటే ముందే నవ్వేస్తారు, మీకేమో డైలాగ్ ఇంకా పూర్తికాదు. ఒకే మోడల్ జతలు రెండు దొరికితే ఈ గొడవ చాలావరకు ఉండదు.

ఐఫోన్ అయితే

ఇక్కడ పని ఇంకా సాఫీగా జరుగుతుంది, కాకపోతే రెండు జతలూ యాపిల్ వాళ్ల ఎయిర్‌పాడ్స్ కానీ, యాపిల్‌కే చెందిన బీట్స్ కంపెనీ మోడళ్లు కొన్ని కానీ అయి ఉండాలి. ఫోన్ ఐఫోన్ 8 లేదా ఆ తర్వాతిది కావాలి. మీ ఎయిర్‌పాడ్స్ పెట్టుకుని కంట్రోల్ సెంటర్ తెరవండి, పాట పేరు కనిపించే చోట ఎయిర్‌ప్లే గుర్తు నొక్కి 'షేర్ ఆడియో' ఎంచుకోండి. ఇప్పుడు అవతలివాళ్ల కేస్‌ని, ఎయిర్‌పాడ్స్ లోపలే ఉంచి, మూత తెరిచి మీ ఫోన్ పక్కకు తీసుకొస్తే చాలు, స్క్రీన్ మీద అదే అడుగుతుంది. కలిపాక సౌండ్ ఎవరిది వాళ్లకే.

కొత్త దారి: ఆరాకాస్ట్

బ్లూటూత్‌లోనే ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతిని 2020లో ప్రకటించారు. అందులో భాగమైన ఆరాకాస్ట్‌లో ఫోన్ రేడియో స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది, వినేవాళ్లు ఇద్దరే ఉండాలన్న లెక్క లేదు. గూగుల్ ఫోన్ పిక్సెల్ 9లోనూ, కొత్త గెలాక్సీల్లోనూ ఇది ఉంది. సెట్టింగ్స్‌లో మెనూలన్నీ వెతుక్కునే బదులు పైన సెర్చ్‌లో 'ఆడియో షేరింగ్' లేదా 'ఆరాకాస్ట్' అని కొట్టండి. హెడ్‌ఫోన్లు కూడా దీన్ని సపోర్ట్ చేయాలి, కొన్నిటికైతే వాటి యాప్‌లోకి వెళ్లి ఎల్ఈ ఆడియోని మనమే ఆన్ చేయాలి. పాస్‌వర్డ్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే దగ్గర్లో ఆరాకాస్ట్ ఉన్నవాళ్లెవరైనా మీరు వినేదే వినేస్తారు.

ఇవేవీ లేని ఫోన్ అయితే

యాప్‌ల జోలికి పోవద్దు, శబ్దం ఎటు వెళ్లాలో తేల్చేది ఫోన్ సిస్టమే, మామూలు యాప్ చేతిలో ఏమీ ఉండదు. దానికి బదులు ఒకేసారి రెండు హెడ్‌ఫోన్లకు పంపగల బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కొనండి. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్‌కి పెట్టాలి, జాక్ లేకపోతే యూఎస్‌బీ-సీ అడాప్టర్ కావాలి. ముందుగా ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి, లేదంటే హెడ్‌ఫోన్లు పాత అలవాటు కొద్దీ ఫోన్‌కే అతుక్కుంటాయి. మొదటి జతని ట్రాన్స్‌మిటర్‌కి పెయిర్ చేయండి, తర్వాత రెండోది. రెండోది కలిసేటప్పుడు మొదటిది ఊడిపోతే ఆ మొదటి జతని ఆపి మళ్లీ ఆన్ చేయండి, వచ్చి కలుస్తుంది.

కొనే ఉద్దేశం లేకపోతే ఒకే ఇయర్‌బడ్స్ జతని చెరొకటి పంచుకోవచ్చు, కానీ అప్పుడు ఎడమ చెవికి రావాల్సిన వాయిద్యాలు ఒకరికి, కుడివి ఇంకొకరికి పోతాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి 'మోనో ఆడియో' ఆన్ చేస్తే ఇద్దరికీ మొత్తం పాట వస్తుంది. ఒక బడ్ చెవిలోంచి తీయగానే పాట ఆగిపోతుంటే ఇయర్‌బడ్స్ సెట్టింగ్స్‌లో చెవిని గుర్తించే ఆప్షన్‌ని కూడా ఆపేయండి.