పాత రెప్లికా స్పీడ్‌స్టర్ కొనే ముందు: లైట్లు వేసి మీటరు ముల్లు చూడండి

పోర్షే 356 స్పీడ్‌స్టర్ అనే గుడ్డ పైకప్పు స్పోర్ట్స్ కారు 1954 నుంచి 1958 వరకే తయారైంది. అసలుది కావాలంటే లక్షల డాలర్లు పోయాలి. అందుకే అమెరికా రోడ్ల మీద కనిపించే స్పీడ్‌స్టర్లలో చాలా వరకు రెప్లికాలే, అంటే నకళ్లే: పైన ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఎముకలు. బీటిల్ ముందు వెనక చక్రాల మధ్య దూరం 2400 మిల్లీమీటర్లు, 356కి 2100. ఆ తేడా కోసం బీటిల్ అడుగు భాగాన్ని మధ్యలో దాదాపు 30 సెంటీమీటర్లు కోసేసి, రెండు ముక్కలనూ వెల్డింగ్‌తో అతికి, దాని మీద ఫైబర్‌గ్లాస్ ఒంటిని బిగిస్తారు. ఈ పని చాలా సార్లు ఎవరో ఒకరి ఇంటి షెడ్డులో, సెలవు రోజుల్లో జరిగి ఉంటుంది. ఇప్పుడు మీరు కొనబోయేది ఆ అజ్ఞాత వ్యక్తి ముప్పై నలభై ఏళ్ల కిందటి పనితనాన్ని.

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఇలాంటి బండి చూడటానికి వెళ్లేటప్పుడు నన్ను వెంట రమ్మంటారు. జాకీ ఎత్తడం, ఆయిల్ చూడటం, మల్టీమీటరు పట్టుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

కాగితాల్లో ఒక నంబరు, బండి మీద మరొకటి

ఇది చూడకుండా బయానా ఇచ్చేవాళ్లను లెక్కపెట్టడం మానేశాను. "నంబరు చూశావా?" అంటే "చూశాను అన్నయ్యా, కాగితం మీద ఉంది కదా" అంటారు. కాగితం మీద ఉన్నది కాదు, ఇనుము మీద ఉన్నది చూడాలి. బీటిల్‌కు వెనక సీటు ఉండాల్సిన చోట తివాచీ ఎత్తితే, మధ్యలో పొడుగ్గా ఉబ్బి ఉండే సొరంగం మీద నంబరు కొట్టి ఉంటుంది. 1960ల చివరి అయిదారేళ్ల బీటిళ్లలో మొదటి మూడు అంకెల్లో మూడోది మోడల్ సంవత్సరం చెబుతుంది. 117తో మొదలైతే 1967, 118 అయితే 1968. కాగితంలో 1965 అని ఉండి ఇనుము మీద 118 ఉంటే అక్కడే ఆగిపోవాలి. నంబరున్న చోట రేకు కొత్తగా అతికినట్టుంటే ఇక ఆలోచించనే వద్దు. దీనికి మరమ్మతు లేదు, ఇంటికి తిరిగి వచ్చేయడమే.

తలుపు పైకెత్తి వేస్తేనే పడుతోంది

అమ్మేవారు కీళ్లు అరిగాయంటారు. కొన్నిసార్లు నిజమే. కానీ ముందు బండిని ఒక పక్క జాకీతో ఎత్తి, ఆ పక్క తలుపు సందును చూడండి. చక్రం నేల విడిచేలోపే సందు మారితే కీలు కాదు, అడుగు వంగుతోంది. అంటే ఆ కోసి అతికిన చోట వెల్డింగ్ వదులుతోందన్నమాట, లేదా తుప్పు తినేసింది. కిందికి దూరి అడ్డంగా వెళ్లే ఆ అతుకును వేలితో తడమండి. బీటిల్ బ్యాటరీ మొదట ఉండేది కుడి వైపు వెనక సీటు కింద. ఆమ్లం కారి ఆ మూలే మొదట పోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూస్తే మంచి రేకు మోగుతుంది, పోయింది మొద్దుగా పలుకుతుంది. ఆ మూల ఒక్కటే పోతే కొత్త రేకు వేయించుకోవచ్చు. అతుకే కదులుతుంటే ఒంటిని పైకెత్తి పని చేయాలి. దాని ఖర్చు ధరలో తగ్గించకపోతే వద్దనండి.

తలుపు మూలల్లో సాలెగూడులాంటి పగుళ్లు చూసి చాలామంది భయపడతారు. ఒక్కచోటి నుంచి చుట్టూ విచ్చుకుంటే అక్కడ ఒత్తిడి ఉంది, వెనక వైపు చూడాలి. ఒంటినిండా సన్నటి గీతలైతే ఎండకు ముదిరిన పైపూత, అంతే.

ఇంజన్ వేడెక్కుతోందట, లైట్లు మసకట, సెల్ఫ్ మోటారు ఒక్కోసారి పలకదట

ఈ మూడూ మూడు జబ్బుల్లా వినిపిస్తాయి, మూలం ఒక్కటే కావచ్చు. నాకు ఇది నేర్పింది నేను కొన్న మొదటి రెప్లికా. అమ్మినాయన "కాస్త వేడెక్కుతుంది, అందుకే ధర తగ్గించాను" అన్నాడు. నేను సంతోషంగా కొన్నాను. ఆయిల్ కూలర్ మార్చాను. తగ్గలేదు. ఇంజన్ దించి గాలి దారులన్నీ శుభ్రం చేశాను. తగ్గలేదు. రెండు వారాంతాలు పోయాక ఓ సాయంత్రం తిరిగి వస్తూ, మసక చీకటి పడిందని హెడ్‌లైట్లు వేశాను. 210 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గరున్న ఆయిల్ వేడి మీటరు ముల్లు రెప్పపాటులో 250 దాటింది. లైట్లు ఆర్పాను. తిరిగి 210కి వచ్చి కూర్చుంది. మళ్లీ వేశాను, మళ్లీ లేచింది.

లీటర్ల కొద్దీ ఆయిల్ రెప్పపాటులో 40 డిగ్రీలు వేడెక్కదు, చల్లారదు. ఆ ముల్లు చూపిస్తున్నది వేడిని కాదు, కరెంటును.

ఇనుప ఒళ్లున్న కారులో ప్రతి లైటుకూ ఒకే వైరు వెళితే చాలు. తిరుగు దారి ఒళ్లే. ఏ బోల్టు దగ్గర బిగించినా కరెంటు బ్యాటరీకి చేరుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. కాబట్టి ప్రతి లైటుకూ, ప్రతి మీటరుకూ, హారన్‌కూ విడిగా ఎర్త్ వైరు, అంటే తిరుగు దారి వైరు, లాగాలి. ఇంట్లో కట్టినవాళ్లు ఇక్కడే బద్ధకిస్తారు. నా బండిలో మీటర్ల ఎర్త్ వైర్లన్నీ పూలదండలా ఒకదాన్నుంచి ఇంకొకదానికి గుచ్చి, చివర ఒక్క బోల్టుకు తగిలించారు. ఆ బోల్టు ఒక చిన్న ఇనుప ముక్కలో ఉంది. ఆ ముక్క ఛాసీని (కింది ఇనుప చట్రాన్ని) తాకేది స్టీరింగ్ గొట్టం దగ్గర ఒకే ఒక్క చోట, అదీ రంగు పూత మీదుగా. టార్చి వేసి చూస్తే రింగు కింద నల్లటి రంగు చెక్కుచెదరకుండా మెరుస్తోంది. హెడ్‌లైట్ల ఎర్త్ కూడా దానికే కలిపారు. లైట్ల కరెంటంతా ఆ ఇరుకు సందులోంచి పోవాలని తోసుకుంటే, మీటర్ల ఎర్త్ బ్యాటరీ ఎర్త్ కంటే ఒకటి రెండు వోల్టులు పైకి లేచి కూర్చుంది. ముల్లు పాపం తనకు తెలిసింది చెప్పింది.

అందుకే బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంజన్ వేడెక్కాక, కదలకుండా నిలబెట్టి ఇలా చేయండి. హెడ్‌లైట్లు వేయండి. తర్వాత ఇండికేటర్. తర్వాత బ్రేకు నొక్కి పట్టుకుని వెనక ఎవరినైనా చూడమనండి. ముళ్లు పైకైనా కిందికైనా ఉలిక్కిపడితే ఎర్త్. ఇండికేటర్ కొట్టుకుంటున్న తాళానికి పెట్రోలు ముల్లు ఊగితే ఎర్త్. బ్రేకు నొక్కగానే వెనక లైటు వెలగాల్సింది పోయి మసకబారి, ఇండికేటర్ సన్నగా వెలిగితే అదీ ఎర్తే. కరెంటుకు తిరుగు దారి దొరక్క పక్క బల్బులోంచి దూరి పోతోందన్నమాట.

నిర్ధారణకు మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల మొన బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర మొన ఆ లైటు ఎర్త్ రేకుకు ఆనించండి. లైటు వెలుగుతూ ఉండాలి, అది ముఖ్యం. 0.1, 0.2 వోల్టులు చూపిస్తే ఫరవాలేదు. అర వోల్టు దాటితే ఆ దారి చెడింది. మీటరు లేకపోతే లావుపాటి వైరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి రెండో కొసతో లైటు ఎర్త్ తాకండి. లైటు భగ్గున వెలిగితే ఇంకేమీ వెతకక్కర్లేదు.

దయచేసి మల్టీమీటరు బీప్ శబ్దం విని "ఎర్త్ బాగుంది" అనకండి. పది తీగల వైరులో తొమ్మిది తెగిపోయినా మీటరు బీప్ అంటుంది. దానికి అది పంపేది చిటికెడు కరెంటు. రెండు హెడ్‌లైట్లకు 9 ఆంపియర్లు కావాలి. సెల్ఫ్ మోటారుకు వందా నూటయాభై. దారిలో 0.02 ఓములు అడ్డుపడినా 150 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే ఆవిరి.

సెల్ఫ్ మోటారు మాట వచ్చింది కాబట్టి అసలైన మాయదారిని చెప్పాలి. బీటిల్ ఇంజనూ గేర్‌బాక్సూ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే గేర్‌బాక్స్ ముందు కొసకూ ఛాసీకీ మధ్య అల్లిన లోహపు పట్టీ ఒకటి ఉంటుంది. అది తుప్పుపట్టి తెగినా, గేర్‌బాక్స్ దించినవాడు తిరిగి బిగించడం మరచినా, సెల్ఫ్ మోటారు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. దొరికేవి క్లచ్ కేబులూ యాక్సిలరేటర్ కేబులూ. అవి కాలి, బిగుసుకుపోతాయి. "సెల్ఫ్ మోటారు రెండుసార్లు మార్చాను, క్లచ్ కేబుల్ కూడా కొత్తదే" అని అమ్మేవారు గర్వంగా చెబితే నవ్వు ఆపుకుని కిందికి దూరండి. తొంభై పాళ్లు ఆ పట్టీ ఉండదు, ఉన్నా చేతితో లాగితే ఊడి వస్తుంది. మీటరు నల్ల మొన బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్రది ఇంజన్ లోహానికి పెట్టి ఎవరినైనా తాళం తిప్పమనండి. అర వోల్టు మించకూడదు.

మరమ్మతు చవక, ఓపికే ఖరీదు. కొత్త పట్టీ వేయండి. ముందు నుంచి వెనక దాకా కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఒకటి లాగి, ముందూ వెనకా ఇత్తడి ఎర్త్ పట్టీలు పెట్టి, ప్రతి లైటు ఎర్త్‌నూ అక్కడికే తెండి. మీటర్లకు విడిగా ఒక వైరు, హెడ్‌లైట్లతో కలపొద్దు. ఛాసీకి బిగించే చోట గరుకు కాగితంతో తోమి లోహం తెల్లగా బయటపడాలి, పళ్ల వాషరు వేసి బిగించాలి, బిగించాకే పైన గ్రీజు. ముందే గ్రీజు పూసి బిగించినవాళ్లను కూడా చూశాను. బ్యాటరీ ముందుకు మార్చిన బండైతే ఆ పొడుగాటి కేబుల్ 35 చదరపు మిల్లీమీటర్లకు తగ్గొద్దు.

ఇంజన్ బాగా వేడెక్కాకే సెల్ఫ్ మోటారు "టిక్" అని ఊరుకుంటూ, పట్టీ బాగానే ఉంటే, తాళం నుంచి వెనకదాకా వచ్చే సన్నటి వైరులో వోల్టులు చచ్చిపోతున్నాయి. దగ్గర్లో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) పెడితే సరి.

ముల్లు నెమ్మదిగా, లైట్లతో సంబంధం లేకుండా ఎక్కితే

అప్పుడది నిజమైన వేడి. గాలితో చల్లబడే ఇంజన్ ఇది. ఇంజన్ చుట్టూ ఉండే రేకులూ, రేకులకూ ఒంటికీ మధ్య రబ్బరు అంచూ ఉండాలి. లేకపోతే కింద నుంచి వచ్చిన వేడి గాలినే ఫ్యాను మళ్లీ పీల్చుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ ఒంటిలో ఇంజన్ గది కొలతలు వేరు కాబట్టి ఈ అంచును వదిలేసినవాళ్లే ఎక్కువ. రేకులు ముక్కలుగా కోసి రబ్బరు అంటించడం ఒక పూట పని.

ఇంజన్ ఆపి, కింది పుల్లీని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. చేతికి టక్కుమని తెలిస్తే ఇంజన్ విప్పాల్సిందే. అనుమతించే ఆట 0.15 మిల్లీమీటర్లు మాత్రమే, అది చేతికి తెలిసీ తెలియనంత.

పెట్రోలు వాసన

పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆగవు, పగులుతాయి. ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమం, ఒళ్లు రెసిన్. అంటుకుంటే మిగిలేది చక్రాల రిమ్ములే. వాసన వస్తే నడిపి చూడకండి. కొన్నాకైతే గొట్టాలూ క్లిప్పులూ అన్నీ మార్చాకే ఇంటికి తెచ్చుకోండి, ట్రక్కు మీద ఎక్కించైనా సరే.

మిగతావి

స్టీరింగ్ ఊగడం, పైకప్పు గుడ్డ కురవడం, గంటకు ఇరవై మైళ్లు తప్పు చూపే స్పీడోమీటరు, వైపర్లు మొరాయించడం: వీటి గురించి అమ్మేవారితో బేరమాడటానికి మాత్రమే మాట్లాడండి. కార్బురేటర్ పాడైందని ఎవరైనా తేల్చేస్తే, ముందు తాళం తిప్పి హెడ్‌లైట్లు వేయమనండి.