ఊళ్లో నాటక సమాజం కట్టడం ఎలా?

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి సంబరానికి తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు బొమ్మలు పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. వనారస గోవిందరావు గారు దాన్ని సమాజంగా నిలబెట్టారు. ఊరి పేరే సమాజం పేరైంది. సురభిలో రాజు వేషగాడు తెరలు కట్టడానికీ చెయ్యి వేస్తాడు. మీరు సమాజం కట్టాలనుకుంటే ముందు పట్టుకోవాల్సింది ఆ పద్ధతినే.

1. మనుషుల్ని కూడగట్టండి. ఏడెనిమిది మంది చాలు. నటించాలన్న సరదా ఉన్నవాళ్లతో పాటు కరెంటు పని తెలిసిన తమ్ముడు, కుట్టుమిషను ఉన్న అక్క, హార్మోనియం వాయించే మాస్టారు కావాలి. వీళ్లను మొదటి రోజే పిలవండి, చివర్లో సాయానికి కాదు.

2. ఉన్న మనుషులకు సరిపోయే నాటిక చూసుకోండి. గంట నిడివిది మేలు. రచయితకు ఫోన్ చేసి అనుమతి తీసుకోండి, ఆయన అడిగింది ఇవ్వండి.

3. చందాల లెక్క ఒక నోటుబుక్కులో రాసి, రిహార్సల్ గదిలో అందరికీ అందేచోట ఉంచండి. బయటి ఊరి నుంచి నటి వస్తుంటే ఆమె పారితోషికం, దారి ఖర్చులు ముందే పక్కన తీసిపెట్టండి. నాటకం అయ్యాక ఆమెను డబ్బుల కోసం నిలబెట్టడం తప్పు. అలాంటివి చూశాను కాబట్టే గట్టిగా చెబుతున్నాను.

4. మొదటి వారం ఎవరూ లేచి నటించొద్దు. చాప మీద గుండ్రంగా కూర్చుని చదవండి. రోజూ పాత్రలు మార్చుకుని చదవండి: తండ్రి మాటలు కొడుకు, కోడలి మాటలు అత్త. మా బృందంలో ప్రదర్శనకు ముందు రోజు తండ్రి వేషగాడికి జ్వరం వచ్చింది. లైట్లు చూసే కుర్రాడు ఆ మాటలన్నీ అప్పజెప్పేశాడు. వేషం అతనే కట్టాడు. చాప మీద చదివిన ఫలితం అది.

5. ఆడబోయే స్టేజీ కొలత తెచ్చుకుని, డాబా మీద ముగ్గుపిండితో అంతే గీయండి. గుమ్మం ఉండేచోట రెండు కుర్చీలు వేయండి. అప్పుడు తెలుస్తుంది, మంచం పట్టుకుని ఇద్దరు ఆ గుమ్మంలోంచి రాలేరని. ఏం చేయాలో అందరూ చెప్పొచ్చు. మాట మార్చమని నటుడు అడగొచ్చు, రచయిత ఒప్పుకుంటే మార్చొచ్చు. పది మందీ తలో మాట అన్నాక తేల్చేది మాత్రం దర్శకుడే. ఆ తర్వాత వాదన వద్దు.

6. ప్రదర్శన రోజు తెర కట్టేటప్పుడు అందరూ ఉండాలి, విప్పేటప్పుడు ఇంకా తప్పకుండా ఉండాలి. అరువు తెచ్చిన చెంబు, పడక్కుర్చీ, గోడగడియారం చీటీలో రాసినవి రాసినట్టు లెక్కచూసి, తెల్లారేసరికి ఎవరివి వాళ్లింటికి చేర్చండి.