టెలికాం చిప్‌తో నక్షత్రాల స్పెక్ట్రోగ్రాఫ్: 8 అంగుళాల టెలిస్కోప్‌కు అమర్చే పద్ధతి

ఇంటర్నెట్ ఫైబర్లలో వెలుగును తరంగదైర్ఘ్యాలవారీగా విడదీసే టెలికాం చిప్‌నే ఇక్కడ నక్షత్రాల వర్ణపటం తీయడానికి వాడతాం. చిప్ సంపాదించడం పెద్ద పని కాదు. నక్షత్రం వెలుగును 10 మైక్రాన్ల ఫైబర్ సందులో దూర్చడమే అసలు పని.

అందుకే ముందు మోడ్‌ల (వెలుగు ఫైబర్‌లో సాగే తీరుల) లెక్క చూసుకోండి. సీయింగ్‌ను (గాలి కదలికల వల్ల నక్షత్రం ఎంత వెడల్పుగా పరుచుకుంటుందో ఆ కోణం, రేడియన్లలో) అద్దం వ్యాసంతో, 3.14తో గుణించి, తరంగదైర్ఘ్యానికి 4 రెట్లతో భాగించి, వర్గం చేయాలి. సీయింగ్ 2 ఆర్క్‌సెకన్లు, తరంగదైర్ఘ్యం 1550 నానోమీటర్లు అనుకుంటే 20 సెంటీమీటర్ల అద్దానికి సుమారు 1 వస్తుంది. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలోని 1.2 మీటర్ల అద్దానికైతే 35. అక్కడ 37 ఫైబర్ల ఫోటానిక్ లాంతరు (అన్ని మోడ్‌ల వెలుగును ఒక్కో మోడ్ ఫైబర్లకు పంచేది) కావాలి. ఇంటి డాబా మీది 8 అంగుళాల టెలిస్కోప్‌కు ఒక్క సింగిల్‌మోడ్ ఫైబర్ (ఒకే మోడ్ పట్టేది) చాలు. సీయింగ్ 3 ఆర్క్‌సెకన్లకు చేరితే మాత్రం సగానికి పైగా వెలుగు పోయినట్టే.

ఎఫ్/10 టెలిస్కోప్ అయితే 0.5 రెడ్యూసర్ (ఫోకస్ దూరం తగ్గించే లెన్స్) పెట్టి ఎఫ్/5కు తెచ్చుకోండి. ఫైబర్‌కు నప్పేది అదే.

చిప్ విషయానికొస్తే, 40 ఛానెళ్లు, 100 గిగాహెర్ట్జ్ ఎడం ఉన్న ఏడబ్ల్యూజీ (అరేయ్డ్ వేవ్‌గైడ్ గ్రేటింగ్, అంటే పైన చెప్పిన చిప్), హీటర్ ఉన్న రకం తీసుకోండి. అథర్మల్ (హీటర్ అక్కర్లేని) రకం వద్దు. అందులో చిప్‌నే కోసి లోహపు పట్టీతో కలుపుతారు, విప్పితే పనికిరాదు. 'కామన్' ఫైబర్ (వెలుగు చిప్‌లోకి వెళ్లేది) అతుకును ముట్టుకోవద్దు: 5 మైక్రాన్లు జరిగితే 60 శాతం వెలుగు గోవిందా. ఆ ఫైబర్‌ను టెలిస్కోప్ ఫైబర్‌తో స్ప్లైస్ చేయించడానికి (కరిగించి అతికించడానికి) మీ వీధి బ్రాడ్‌బ్యాండ్ కుర్రాళ్ల మిషనే చాలు.

అవుట్‌పుట్ ఫైబర్ల దిమ్మెను డైసింగ్ రంపంతో (చిప్‌లను కోసే సన్నని రంపం) కోయించి, ఆ అంచును 1 మైక్రాన్ లాపింగ్ ఫిల్మ్ (అరగదీసే సన్నని పొర) దాకా పాలిష్ చేయాలి. కోత ఛానెళ్ల మీదుగా పడితే వర్ణపటం 0.8 నానోమీటర్ల ఎడంతో చుక్కలుగా కనిపిస్తుంది. మొదటిసారికి అదే నయం. వర్ణపటం తెగకుండా రావాలని చిప్ లోపల వెలుగు ఫోకస్ అయ్యే గీత దాకా అరగదీయబోతే, కాస్త దాటినా అంతా మసకే.

సిలికాన్ కెమెరాకు 1100 నానోమీటర్లు దాటితే ఏమీ కనిపించదు. ఇన్‌గాస్ (InGaAs, ఇన్‌ఫ్రారెడ్) కెమెరా తప్పదు. ఫైబర్‌కు ముందు సీ-బ్యాండ్ ఫిల్టర్ (1550 చుట్టుపక్కల తరంగదైర్ఘ్యాలనే పోనిచ్చేది) పెట్టకపోతే పక్క ఆర్డర్ల (వేరే తరంగదైర్ఘ్యాల) వెలుగు అదే చోట పడి కలగాపులగమవుతుంది.

చిప్ ఒక్క డిగ్రీ వేడెక్కితే గీతలు 0.01 నానోమీటరు జరుగుతాయి, వేగంలో చెప్పాలంటే సెకనుకు 2 కిలోమీటర్లు. డేటాషీట్‌లోని ఉష్ణోగ్రత దగ్గరే నిలపండి. పెల్టియర్‌తో (కరెంటుతో చల్లబరిచే పలక) చల్లబరచబోతే మన జులై తేమకు చిప్ మీద నీరు పడుతుంది.

తరంగదైర్ఘ్యాల కొలతకు నియాన్ ఇండికేటర్ దీపం చాలు: 1523 నానోమీటర్ల గీత, ఫిల్టర్ అంచు దాన్ని ఆపకపోతే. చలికాలపు రాత్రుల్లో తొలి గురి ఆర్ద్ర (బెటెల్‌గ్యూస్) నక్షత్రం. 1558 నానోమీటర్ల దగ్గర మొదలయ్యే కార్బన్ మోనాక్సైడ్ పట్టీ కోసం వెతకండి.