"ఐదు నిమిషాలు" కాదు, "ఇంకో మూడుసార్లు"

పార్కులో ఆడుకుంటున్న మూడేళ్ల పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లడం ఎంత కష్టమో అమ్మానాన్నలందరికీ తెలుసు. "ఇంకో ఐదు నిమిషాలే" అని ముందే చెప్పినా, టైమ్ అవగానే ఏడుపు మొదలవుతుంది. అది మొండితనం కాదు. ఆ వయసులో ఐదు నిమిషాలంటే ఎంతో వాళ్లకు తెలియదు, అంతే.

అందుకే నిమిషాలకు బదులు కంటికి కనిపించే లెక్క చెప్పండి. "ఇంకో మూడుసార్లు జారుడుబల్ల ఎక్కు, తర్వాత ఇంటికి వెళ్దాం." దూరం నుంచి కేకేస్తే పనిచేయదు. దగ్గరికెళ్లి, వాళ్ల ఎత్తుకు వంగి, కళ్లలోకి చూస్తూ చెప్పాలి. జారిన ప్రతిసారీ ఒక్కో వేలు మడిచి "ఇంకా రెండు... ఇదే ఆఖరిది" అని చూపించండి. ఇంట్లో అయితే "ఈ బొమ్మ రంగులేయడం అయ్యాక స్నానం" అనొచ్చు.

నాలుగోసారి తప్పకుండా అడుగుతారు. అక్కడ మాత్రం మెత్తబడకండి. "ఇంకా ఆడాలని ఉంది కదా, నాకు తెలుసు" అని చెయ్యి పట్టుకోండి. "కప్పలా గెంతుతూ వెళ్దామా, ఏనుగులా నడుద్దామా?" అని అడగండి. ఎంచుకునే అవకాశం దొరికితే చాలాసార్లు ఏడుపు అక్కడే ఆగిపోతుంది.

మొదటి కొన్ని రోజులు ఏడ్చినా టెన్షన్ పడకండి, మీ పెంపకంలో లోపమేమీ లేదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. ఎప్పుడైనా అలసటతో మీరే అరిచేస్తే, కాసేపటికి దగ్గరకు తీసుకుని సారీ చెప్పండి. మర్నాడు మళ్లీ మూడు వేళ్లు చూపించండి.