ఎండలు ముదిరేలోపు: పికప్ ఇంజన్లోంచి ఏదైనా పీకించే ముందు

శివరాత్రి పోయిందంటే మా కడపలో షెడ్ల దగ్గర ఒకటే మాట. "అన్నా, వాల్వ్ పీకేయ్. బండి చల్లగా ఉంటాది." వాల్వ్ అంటే ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచే థర్మోస్టాట్ వాల్వ్. కళింగర లోడ్లు మొదలవుతాయి, నాపరాళ్ల బాడుగలు ఎలాగూ ఉంటాయి, ఏప్రిల్ వచ్చేసరికి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాల్సిన బండికి ముందే వైద్యం చేయించుకోవాలనుకోవడం మంచిదే. ఆ వైద్యం ఇంజన్లోంచి ఏదో ఒకటి తీసి పక్కన పడేయడమే అయితే మాత్రం నేను ఒప్పుకోను. దానికి ఎంత ఖర్చవుతుందో నా బండి మీదే చూశాను.

ఈ ఏడాది ఇంకో వాదన కూడా మొదలైంది. టెక్సస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు సంక్రాంతికి వచ్చి, తన పికప్పులో సిలిండర్లు ఆపే ఏర్పాటును పనిచేయకుండా చేశానని షెడ్డు దగ్గర చెప్పాడు. అప్పటినుంచి కుర్రోళ్లు అదే పట్టుకున్నారు. "అమెరికాలోనే పీకేస్తాండారు, మనమెందుకు పీకకూడదు?" అడగాల్సిన ప్రశ్నే. ముందు వాడు చేసిన పనేమిటో చూద్దాం.

వాడిది వి8 పెట్రోల్ ఇంజన్, ఎనిమిది సిలిండర్లు. ఖాళీ హైవే మీద తేలిగ్గా పోతున్నప్పుడు కంప్యూటర్ అందులో నాలుగింటిని, అంటే 1, 4, 6, 7 నంబర్లను, ఆపేస్తుంది. పెట్రోల్ ఇంజన్ తక్కువ లోడు మీద నడిచేటప్పుడు గాలి వచ్చే దారిలోని పలక, అంటే థ్రాటిల్, దాదాపు మూసుకుని ఉంటుంది. ఆ సన్న సందులోంచి గాలి లాక్కోవడానికే కొంత బలం ఖర్చయిపోతుంది. నాలుగు సిలిండర్లను ఆపితే మిగతా నాలుగింటికి పని పెరిగి, థ్రాటిల్ బాగా తెరుచుకుని, ఆ మేరకు పెట్రోలు మిగులుతుంది. ఆలోచన కొత్తదేమీ కాదు. 1981లోనే క్యాడిలాక్ కంపెనీ ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్ల మీద నడిచే ఇంజన్ తెచ్చింది. అప్పటి ఎలక్ట్రానిక్స్ దాన్ని సరిగా నడిపించలేకపోయాయి. చాలామంది ఓనర్లు ఆ ఏర్పాటుకు వెళ్లే వైరు తీయించేసి ఎనిమిది సిలిండర్ల మీదే తిప్పుకున్నారు.

ఇప్పటి ఇంజన్లలో చిక్కు లిఫ్టర్ దగ్గర వస్తుంది. ఇంజన్ గాలి, పొగ వాల్వులను తెరిపించే ఇరుసు క్యాం షాఫ్ట్. దాని నుంచి, ఆ వాల్వుల దాకా కదలికను మోసే కడ్డీ అయిన పుష్ రాడ్‌ను పైకి తోసేది లిఫ్టరే. ఆగాల్సిన సిలిండర్లకు ప్రత్యేకమైన లిఫ్టర్లు ఉంటాయి, లోపల చిన్న పిన్నులతో. సోలెనాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న మూత, తెరుచుకుని ఇంజనాయిల్ ప్రెషర్ వచ్చి ఆ పిన్నులను లోపలికి నొక్కగానే లిఫ్టర్ తనలోకి తానే ముడుచుకుంటుంది. పుష్ రాడ్ కదలదు, వాల్వులు తెరుచుకోవు. మళ్లీ నాలుగూ పనిలోకి రావాలంటే పిన్నులు తిరిగి బయటికొచ్చి బిగుసుకోవాలి. ఒక్క ప్రయాణంలో ఇది ఎన్నోసార్లు జరుగుతుంది. ఆయిల్ మార్చడం ఆలస్యమై లోపల మడ్డి పడితే ఏదో ఒక పిన్ను ఇరుక్కుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని సౌండు వస్తుంది, తర్వాత మిస్ కొడుతుంది, అంటే ఏదో ఒక సిలిండర్లో మంట సరిగా రాదు. అలాగే తోలితే లిఫ్టర్ కింది రోలర్ క్యాం షాఫ్ట్‌ను తినేస్తుంది.

మావాడు చేసిందల్లా ఒక చిన్న ప్లగ్గు కొని, స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే పోర్టులో గుచ్చడమే. అది ఉన్నంతసేపు ఎనిమిది సిలిండర్లూ నడుస్తాయి. తీసేస్తే బండి మళ్లీ కంపెనీ పెట్టినట్టే ఉంటుంది. ఇంజన్ విప్పలేదు, ఏదీ కోయలేదు. పెట్టుకునే ముందు స్కానర్‌తో మిస్‌ఫైర్ కోడ్ ఏదైనా ఉందా అని చూపించుకున్నాడు. ఎందుకంటే లిఫ్టర్ అప్పటికే చెడిపోయి ఉంటే ఈ ప్లగ్గు దాన్ని బాగు చేయలేదు. ఆ ప్రత్యేక లిఫ్టర్లు లోపలే ఉంటాయి కాబట్టి ఆయిల్ మార్చే విషయంలో అశ్రద్ధ ఇప్పటికీ కుదరదు. వాటిని పూర్తిగా వదిలించుకోవాలంటే క్యాం షాఫ్ట్, లిఫ్టర్లు, వాటి పైనున్న ఆయిల్ మూత అన్నీ మార్చి, కంప్యూటర్లో ప్రోగ్రాం కూడా మార్పించాలి. అంత పని చెడిపోయిన ఇంజన్‌కే చేయిస్తారు.

మన డీజిల్ పికప్పులో అసలు అలాంటి ఏర్పాటే లేదు. డీజిల్ ఇంజన్ బలాన్ని గాలి మూసి కాదు, డీజిల్ తగ్గించి అదుపు చేస్తుంది కాబట్టి ఆ రకం వృథా దీనిలో చాలా తక్కువ. మన దగ్గర టైగున్, వర్టస్, కుషాక్, స్లావియా 1.5 లీటర్ పెట్రోల్ కార్లలో మధ్య రెండు సిలిండర్లు ఆగే ఏర్పాటు ఉంది. అక్కడ క్యాం మీది భాగం పక్కకు జరుగుతుంది, మావాడి బండి లిఫ్టర్ల కథ దానికి వర్తించదు. కాబట్టి అమెరికా పేరు చెప్పి మన బండిలో పీకడానికి మిగిలేవి మూడే: థర్మోస్టాట్ వాల్వ్, పొగను తిరిగి ఇంజన్లోకి పంపే ఈజీఆర్, సైలెన్సర్లో మసిని పట్టే డీపీఎఫ్. ఈ మూడూ ఒక్కో పని మీద అక్కడ ఉన్నాయి.

వాల్వ్ సంగతి నా అనుభవంతోనే చెప్తా. కొన్నేళ్ల కిందట మార్చిలో ఒక మెకానిక్ నా పికప్పుకు వాల్వ్ తీసేశాడు. గేజి ముల్లు కిందే పడి ఉండేది. బండి చల్లగా ఉందని రెండు నెలలు సంతోషపడ్డా. డీజిల్ ఎక్కువ తాగుతోందని తెలుస్తూనే ఉంది, లోడు వల్లేమో అనుకున్నా. మే నెలలో మధ్యాహ్నం నాపరాళ్ల లోడుతో రాయచోటికి బయల్దేరా. ఘాట్ సగం ఎక్కేసరికి అదే ముల్లు చూస్తుండగానే పైకి లేచింది. మలుపులో ఆపడానికి చోటు లేదు, వెనక లారీలు. ఇంకో మలుపు దాటించి ఆపేసరికి తెల్లపొగ. చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నీళ్లు కలిసి, పాలు కలిపిన కాఫీలా ఉంది. ఇంజన్ పైమూత, అంటే హెడ్, కింద ఉండే గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంకర తిరిగింది. లేత్‌లో ఫేసింగ్, అంటే చదును, చేయించి మళ్లీ బిగించేసరికి ఆ ఎండాకాలం బాడుగలన్నీ పోయాయి.

వాల్వ్ లేకపోతే బండి చల్లగా ఉండాలి కదా, మరి ఎందుకు హీటెక్కింది? తర్వాత హెడ్ దించిన పెద్దాయన చేతిలో పెట్టి చూపించాడు. చాలా ఇంజన్లలో ఈ వాల్వ్‌కు రెండు పళ్లేలు ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పై పళ్లెం రేడియేటర్ దారి మూస్తుంది, నీళ్లు రేడియేటర్‌కు పోకుండా పక్కదారి అయిన బైపాస్‌లోనే తిరుగుతాయి. వేడెక్కాక లోపలి మైనం కరిగి ఉబ్బి పై పళ్లేన్ని తెరుస్తుంది, అదే సమయంలో కింది పళ్లెం బైపాస్‌ను మూసేస్తుంది. అప్పుడు నీళ్లన్నీ రేడియేటర్‌కే పోతాయి. వాల్వ్ పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. ఖాళీ బండికి అది తెలియదు. ఘాట్‌లో లోడు మీద ఉన్నప్పుడు మాత్రం కొన్ని నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండానే వేడివేడిగా ఇంజన్లోకి తిరిగొస్తాయి. మామూలు రోజుల్లో ఇంజన్ తగినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ కాలుతుంది, ఆయిల్‌లో మడ్డి పెరుగుతుంది, సిలిండర్ లోపలి గోడ త్వరగా అరుగుతుంది. అంటే ఆ రెండు నెలలు నేను సంతోషంగా తోలింది కూడా నష్టంలోనే.

అందుకే ఎండలకు ముందు వాల్వ్ పీకించకండి, పరీక్ష చేయించండి. ఇంట్లో కూడా చేయొచ్చు. వాల్వ్ సందులో ఒక గట్టి దారం ఇరికించండి. పాత గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్ గిన్నె అడుగుకు తగలకుండా ఆ దారంతోనే వేలాడదీయండి. పక్కనే 100 డిగ్రీల దాకా వేడి కొలిచే థర్మామీటర్ (జ్వరం చూసేది కాదు) పెట్టి పొయ్యి వెలిగించండి. వాల్వ్ మీద ఒక నంబర్ కొట్టి ఉంటుంది, చాలా బండ్లకు 82. నీళ్లు ఆ వేడికి వచ్చే సరికి పళ్లెం తెరుచుకుని దారం వదిలేస్తుంది, వాల్వ్ గిన్నె అడుగున టంగుమని పడుతుంది. ఆ చప్పుడు విన్నప్పుడు థర్మామీటర్ చూడండి. రెండు మూడు డిగ్రీల తేడా పర్వాలేదు. నీళ్లు మరుగుతున్నా పడకపోతే అది చెడిపోయిందని అర్థం. కొత్తది అదే నంబర్‌ది వేయించండి. తక్కువ నంబర్‌ది వేస్తే ఇంకా చల్లగా ఉంటుందనే మాట నమ్మకండి.

మా ప్రాంతంలో వాల్వ్ కంటే పెద్ద శత్రువు బోరు నీళ్లు. కడపలోనైనా, అనంతపురంలోనైనా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూస్తే చాలు, తెల్లగా సున్నం కట్టి ఉంటుంది. అదే సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో, ఇంజన్ లోపల సిలిండర్ల చుట్టూ పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. దారిలో నీళ్లు తగ్గాయని పొలం గట్టు బోరు దగ్గర బాటిల్ నింపి పోయడం మనందరికీ అలవాటే. అత్యవసరమైతే పోయక తప్పదు. ఇంటికొచ్చాక మాత్రం మొత్తం దించేసి మళ్లీ కూలెంట్ నింపించాలి. కూలెంట్ సగం, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ సగం కలపండి. కూలెంట్ మరిగే వేడిని పెంచడమే కాక లోపల తుప్పు పట్టనివ్వదు.

మూత సంగతి చాలామంది పట్టించుకోరు. రేడియేటర్ మూత స్ప్రింగుతో లోపల ప్రెషర్ నిలబెడుతుంది. ఆ ప్రెషర్ వల్లే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. రబ్బరు చీలిన మూతతో ఎంత మంచి రేడియేటరైనా పొంగుతుంది. మూత ఖరీదు తక్కువే, ఏమాత్రం అనుమానం ఉన్నా మార్చేయండి. రేడియేటర్ రెక్కల్లో ఎర్రమట్టి, చెనక్కాయ పొట్టు పేరుకుంటాయి. ఫ్యాన్ వైపు నుంచి బయటికి, నెమ్మదైన నీటిధారతో కడిగించండి. వాటర్ సర్వీసింగ్ వాళ్ల గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఫ్యాన్ బెల్టు, హోసులు, ఆయిల్ ఫిల్టర్ మీకు తెలిసినవే.

ఈజీఆర్ గురించి. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్లోకి పంపి, లోపల మంట వేడిని తగ్గించి విషవాయువులు తగ్గించే వాల్వ్ ఇది. మసి పట్టి ఇరుక్కోవడం నిజమే, అప్పుడు బండి లాగే బలం తగ్గి నల్లపొగ వస్తుంది. దానికి అడ్డంగా రేకు పెట్టేస్తే పాత బండి ఊరుకుంటుందేమో కానీ, కంప్యూటర్ ఉన్న బండి లెక్క తప్పిందని గుర్తించి చెక్ లైటు వేస్తుంది, కొన్ని బండ్లు బలం తగ్గించేసి నడుస్తాయి. ఘాట్‌లో ఆ స్థితి రావడం కంటే, ఎండలకు ముందే ఈజీఆర్ విప్పించి మసి కడిగించుకోవడం మేలు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యానికి హద్దులు పెట్టే నిబంధన) డీజిల్ బండ్లలో డీపీఎఫ్ ఉంటుంది. మసిని పట్టుకుని, నిండాక సుమారు 600 డిగ్రీల వేడితో లోపలే కాల్చేస్తుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే కొడితే ఆ వేడి రాదు, మసి నిండి లైటు వెలుగుతుంది. లైటు కనిపిస్తే హైవే ఎక్కి మైదుకూరు దాకా ఆపకుండా ఒక ట్రిప్పు తోలండి. చాలాసార్లు దాంతోనే తీరుతుంది. డీపీఎఫ్ కోయించేస్తే మళ్లీ పెట్టడం ఉండదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చకూడదు, 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఇంకొకటి, చాలా ముఖ్యం: డీపీఎఫ్ కాలుతున్న బండిని ఎండు చెనక్కాయ కట్టె మీదో, గడ్డివాము పక్కనో ఆపొద్దు. సైలెన్సర్ కింద ఒక్క గుప్పెడు ఎండుకట్టె ఉన్నా వామి మొత్తం తగలబడిపోతుంది. రైతు ఏడాది మేత అది.

పొగలో విషవాయువులను తగ్గించే డెఫ్ అనే ద్రవానికి మీ బండిలో ట్యాంకు ఉంటే అందులో డెఫ్ మాత్రమే పోయండి. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా ద్రావణం. పొలానికి చల్లే యూరియా నీళ్లలో కలిపి పోస్తే అందులోని మలినాలు లోపలి క్యాటలిస్ట్‌ను పాడు చేస్తాయి. డెఫ్ డబ్బాను క్యాబిన్లో ఎండకు పెట్టుకుని తిరగొద్దు. 30 డిగ్రీలు దాటిన చోట ఉంచితే అది త్వరగా పాడవుతుంది.

ఇక ఘాట్ రోజు. వీలైతే తెల్లవారుజామున ఎక్కండి. లోడుతో మూడో గేర్లో ముక్కుతూ పోకుండా ముందే రెండుకు దించండి. ఇంజన్ తిరిగితేనే వాటర్ పంపు తిరుగుతుంది. ముల్లు లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పండి. క్యాబిన్లో కూర్చోలేనంత వేడొస్తుంది కానీ ఇంజన్ వేడి కొంత బయటికి పోతుంది. చోటు దొరకగానే పక్కకు తీసి చక్రాల కింద రాళ్లు పెట్టండి. ఆవిరి రాకపోతే కాసేపు ఐడిల్‌లో తిరగనివ్వండి. ఆవిరి వస్తున్నా, బెల్టు తెగినా వెంటనే ఆపేయండి. వేడిమీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. మూత అయితే కనీసం అరగంట ముట్టుకోవద్దు. రేడియేటర్ పైహోసు చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే, మందపాటి తడిగుడ్డ మడిచి వేసి, మొహం పక్కకు తిప్పుకుని, మొదటి మెట్టు వరకే తిప్పి ఆగండి. బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాకే రెండో మెట్టు.