వానల్లో పెట్రోలు పట్టించాక బండి ఆగితే సెల్ఫ్ కొట్టకండి

ఈశాన్య రుతుపవనాల వాన పట్టిందంటే తిరుపతి, చిత్తూరు షెడ్లకు ఒకే రకం బండ్లు వస్తాయి. బంకులో ఫుల్ ట్యాంకు చేయించారు, రెండు మూడు కిలోమీటర్లు పోయారు, బండి జర్కులు కొట్టి ఆగిపోయింది. అందుకు 2021 నవంబరు నాటి వరదే రానక్కర్లేదు. బంకు భూగర్భ ట్యాంకు మూత చుట్టూ నీళ్లు నిలిచి, సీలు వదులైతే చాలు, నీళ్లు పెట్రోల్లోకి దిగుతాయి.

ఇక్కడే అందరూ చేసే తప్పు: ఆగిన బండికి మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడం.

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది కాస్త నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు మించితే రెండూ కలిసి పెట్రోలును వదిలి అడుక్కి దిగుతాయి. బండి ట్యాంకులోని ఫ్యూయల్ పంపు పీల్చేదీ అడుగు నుంచే. మీరు కొట్టే ప్రతి సెల్ఫూ ఆ నీళ్లను ఫిల్టరు దాటించి, ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దాకా తోస్తుంది. పంపుకి చల్లదనమూ జిడ్డూ ఇచ్చేది పెట్రోలే, నీళ్లు దాన్ని తుప్పు పట్టిస్తాయి. మొదటిసారి ఆగినప్పుడే వదిలేస్తే ట్యాంకు దించి కడగడంతో పోయేది, ఇరవై సెల్ఫుల తర్వాత పంపు, ఇంజెక్టర్ల దాకా పోతుంది. తాళం ఆన్‌లో పెట్టినా పంపు కొన్ని సెకన్లు తిరుగుతుంది. కాబట్టి న్యూట్రల్లో పక్కకు నెట్టండి, తాళం తీసేయండి, టోయింగ్‌కు ఫోన్ చేయండి.

బంకులో అడగాల్సినవి: ఫిల్టర్ పేపర్ అడిగే హక్కు మీకుంది. నాజిల్ మూతి తుడిచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. నల్లగా జిడ్డు మరక మిగిలితే కల్తీ. అయితే ఈ పరీక్ష కిరోసిన్, డీజిల్ లాంటి వాటిని పడుతుంది, నీళ్లను పట్టదు. సాంద్రత చూస్తే, 15 డిగ్రీల వేడికి సరిచేసిన అంకె, ట్యాంకరు లోడుతో వచ్చిన ఇన్వాయిస్‌లోని అంకెకు ఘనపు మీటరుకు 3 కిలోలు అటూ ఇటూ దాటకూడదు.

వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో పెట్రోల్లో నీళ్లు పోసి ఊపి, అడుగు పొర పెరిగిందని గగ్గోలు పెడతారు. ఇథనాల్ ఆ నీళ్లలోకి దిగింది, అంతే. అది మోసానికి రుజువు కాదు. నీళ్లేమీ పోయకుండా, గాజు సీసాలో పట్టిన నమూనా పావుగంట కదపకుండా ఉంచితే అడుగున గీత కనిపించిందా, అది లెక్క.

ఇక మిగతావి.

ట్యాంకరు దించుతున్న బంకులో పట్టించకండి. అడుగున ఉన్న మురికీ నీరూ లేస్తాయి, వేరే బంకు చూసుకోండి.

కొండకు పోయే రోజు అలిపిరి దారిలో ట్యాంకు నింపొద్దు. ముందురోజే పట్టించి ఊళ్లో పది కిలోమీటర్లు తిప్పండి. ఘాట్ మలుపులో ఆగిన బండి వెనక ఎన్ని బస్సులు నిలబడతాయో చెప్పక్కర్లేదు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. టైమూ నాజిల్ నంబరూ లేకపోతే మీ మాట నిలవదు.

ప్రీమియం (95 ఆక్టేన్) పెట్రోలు పట్టిస్తే నీళ్లు రావనుకోకండి. అది కూడా ఆ ఆవరణలోని భూగర్భ ట్యాంకు నుంచే వస్తుంది.

ఎక్కువ రోజులు నిలిపే బండిలో ట్యాంకు అడుగంటనివ్వకండి. మూత రబ్బరు చూసుకోండి.

తిరుపతి వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి లాంటి చోట నీళ్లలో ఆగినా ఇదే మాట: సెల్ఫ్ కొట్టొద్దు. అక్కడ నీరు గాలి దారిలో సిలిండర్లోకి పోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బంకు మనిషి ఎదురుగా నమూనా తీయించకుండా ట్యాంకు ఖాళీ చేయించొద్దు. వాళ్లు తప్పించుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

స్టార్టవుతుందేమో "ఒక్కసారి చూద్దాం సార్" అని తాళం అడిగే వాడికి తాళం ఇవ్వొద్దు.

దించిన పెట్రోలు పైన తేటగా ఉందని స్కూటర్లో పోసుకోవద్దు. ఇథనాల్ అడుక్కి పోయాక మిగిలిన దానిలో ఆక్టేన్ (ఇంజిన్ కొట్టుకోకుండా ఆపే గుణం) పడిపోయి ఉంటుంది.